యుద్ధకాల అధ్యక్షుడి నిర్ణయాన్ని విశ్లేషించడం ఎలా: రూజ్‌వెల్ట్ ఉదాహరణగా

రెండో ప్రపంచయుద్ధ చరిత్ర చదివేవారు అప్పటి అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ దగ్గరకు వచ్చేసరికి తరచుగా రెండు తీర్పులలో ఏదో ఒకదాని వైపు మొగ్గుతారు. ఆయన ప్రతి అడుగూ ఓట్ల లెక్కతోనే వేశారని కొందరు అంటే, యుద్ధం గెలవడం తప్ప ఆయనకు మరో ధ్యాస లేదని మరికొందరు అంటారు. ఈ రెండు తీర్పులకూ పెద్దగా శ్రమ అక్కరలేదు, ఆ కాలపు పత్రాలను తెరిచి చూస్తే రెండూ నిలబడవు. కళాశాలలో చరిత్ర చదువుతున్నవారు, సివిల్స్ కోసం ప్రపంచ చరిత్ర చదువుతున్నవారు, ఆసక్తి కొద్దీ ఈ కాలాన్ని లోతుగా తెలుసుకోవాలనుకునేవారు ఇటువంటి నిర్ణయాలను తమంతట తాము ఎలా తూచి చూడవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఎన్నికలు, మిత్రదేశాలు, సైనిక అవసరాలు అనే మూడు ఒత్తిళ్లలో ఏది గెలిచిందని అడగడం కంటే, మూడింటికీ చోటిచ్చే క్రమంలో ఆయన దేనిని వాయిదా వేశారు, దేనిని దాచారు, దేనిని మాత్రం కదలనివ్వలేదు అని అడగడం మేలని నా అభిప్రాయం.

ముందుగా అమెరికా ఎన్నికల స్వభావాన్ని మనసులో ఉంచుకోవాలి. అక్కడ అధ్యక్ష ఎన్నిక నాలుగేళ్లకొకసారి, ప్రతినిధుల సభకు ఎన్నిక రెండేళ్లకొకసారి, నవంబరులో మొదటి సోమవారం తరువాత వచ్చే మంగళవారం నాడు జరుగుతాయి. యుద్ధం వచ్చినా ఆ తేదీ మారదు. బ్రిటన్‌లో పార్లమెంటు తన గడువును తానే పొడిగించుకుంటూ పోయినందువల్ల 1935 తరువాత సాధారణ ఎన్నిక మళ్లీ 1945లోనే జరిగింది. మన దేశంలోనూ అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, లోక్‌సభ గడువు పెరిగింది. పార్లమెంటరీ పద్ధతికి అలవాటుపడిన మన పాఠకులు ఈ తేడాను తేలికగా మరచిపోతారు. చర్చిల్ యుద్ధమంతటా పార్లమెంటు విశ్వాసాన్ని కాపాడుకుంటే సరిపోయింది. రూజ్‌వెల్ట్ మాత్రం 1940లో, 1942లో, 1944లో మూడుసార్లు, ముందే తెలిసిన తేదీలకు, ప్రజల తీర్పును ఎదుర్కోవలసి వచ్చింది. శత్రువుకూ, మిత్రులకూ కూడా ఆ తేదీలు తెలుసు.

ఇది గుర్తు పెట్టుకున్నాక ఒక పెద్ద కాగితం మీద మూడు నిలువు వరుసలు గీయండి. 1940 మే నెలతో మొదలుపెట్టి 1945 ఫిబ్రవరి వరకు నెలలను పక్కన రాసుకోండి. మొదటి వరుసలో పార్టీ మహాసభలు, కాంగ్రెస్‌లో (అమెరికా చట్టసభలో) ఓటింగులు, పోలింగు తేదీలు రాయాలి. రెండో వరుసలో మిత్రదేశాల కోరికలు, వారికిచ్చిన మాటలు, వారితో జరిగిన సమావేశాలు ఉండాలి. మూడో వరుసలో సైన్యం అప్పటికి ఏమి చేయగలదో రాయాలి, అంటే ఎన్ని ఓడలున్నాయి, బలగాలకు శిక్షణ ఎంతవరకు వచ్చింది, సముద్రం ఏ నెలలో ఎలా ఉంటుంది వంటివి. చాలామంది రెండు వరుసలతో ఆపేస్తారు. మూడో వరుస లేకపోతే మాత్రం ఎన్నికకు దగ్గరగా వచ్చిన ప్రతి నిర్ణయమూ ఎన్నిక కోసమే జరిగినట్టు కనిపిస్తుంది. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ప్రతి నిర్ణయానికీ మనసులో తీర్మానించుకున్న తేదీ, బయటికి చెప్పిన తేదీ, అమలైన తేదీ వేరువేరుగా రాయాలి. అసలు కథ ఎక్కువసార్లు ఈ మూడు తేదీల మధ్య ఎడంలోనే దొరుకుతుంది.

1940తో సాధన మొదలుపెట్టండి. మే 15న చర్చిల్ నలభై యాభై పాత డిస్ట్రాయర్లను (యుద్ధనౌకలను) అరువిమ్మని కోరారు. జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోయింది. అదే నెలలో ఫిలడెల్ఫియాలో రిపబ్లికన్లు వెండెల్ విల్కీని అభ్యర్థిగా ఎన్నుకున్నారు. ఆ మహాసభకు కొద్ది రోజుల ముందు రూజ్‌వెల్ట్ ఇద్దరు ప్రముఖ రిపబ్లికన్లను, హెన్రీ స్టిమ్సన్‌ను యుద్ధశాఖకూ ఫ్రాంక్ నాక్స్‌ను నౌకాదళశాఖకూ, మంత్రులుగా ప్రకటించారు. జూలైలో చికాగోలో ఆయన మూడోసారి అభ్యర్థి అయ్యారు. అమెరికా చరిత్రలో అంతకుముందు మూడోసారి గెలిచినవారు లేరు కాబట్టి అదే ఒక వివాదం. సెప్టెంబరు 2న డిస్ట్రాయర్ల ఒప్పందం కుదిరింది. యాభై ఓడలకు బదులుగా న్యూఫౌండ్‌లాండ్ నుంచి బ్రిటిష్ గయానా వరకు పలు బ్రిటిష్ స్థావరాలు అమెరికా అధీనంలోకి వచ్చాయి, లీజుకు తీసుకున్న చోట్ల గడువు 99 ఏళ్లు.

ఈ ఒప్పందాన్ని విప్పి చూస్తే ఆయన పద్ధతి అర్థమవుతుంది. అంతకు రెండు నెలల ముందు కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం, దేశరక్షణకు అవసరం లేదని సేనాధిపతి ధ్రువీకరిస్తే తప్ప ఆయుధ సామగ్రిని విదేశానికి ఇవ్వకూడదు. ఉత్తినే ఇస్తే నౌకాదళాధిపతి స్టార్క్ సంతకం చేయడం కష్టం. బదులుగా స్థావరాలు వస్తే మొత్తం మీద దేశరక్షణ పెరిగిందని ఆయన ధ్రువీకరించగలరు. సెనేట్ ఆమోదం కావలసిన సంధిగా కాకుండా కార్యనిర్వాహక ఒప్పందంగా దీనిని చేయవచ్చని అటార్నీ జనరల్ రాబర్ట్ జాక్సన్ అభిప్రాయమిచ్చారు. విల్కీ ఓడలివ్వడాన్ని వ్యతిరేకించలేదు, కాంగ్రెస్‌ను పక్కన పెట్టిన తీరునే తీవ్రంగా తప్పుపట్టారు. మిత్రుడికి ఓడలు, సైన్యానికి స్థావరాలు, ఓటరుకు లాభసాటి బేరం ఒకే పత్రంలో ఇమిడిపోయాయి. రాజ్యాంగపరమైన ఆనవాయితీ ఒక్కటే నష్టపోయింది. ఏ నిర్ణయంలోనైనా మూడు పక్షాలూ తృప్తిపడ్డట్టు కనిపిస్తే, ఆ ఖర్చు భరించిన నాలుగో పక్షం ఎవరో వెదకండి.

అదే శరదృతువులో ఎదురు సాక్ష్యమూ ఉంది, దానిని వదిలేయకూడదు. అమెరికా చరిత్రలో శాంతికాలంలో తొలి నిర్బంధ సైనిక సేవా చట్టం మీద రూజ్‌వెల్ట్ సెప్టెంబరు 16న సంతకం చేశారు. ఆ బిల్లు ప్రతిపాదకులలో ఒకరు రిపబ్లికన్, మరొకరు ఆయనతో పడని డెమొక్రాట్, కాబట్టి ముందు నిలబడిన భారం వారి మీద పడింది. కానీ ఎవరిని ముందుగా పిలవాలో తేల్చే లాటరీ అక్టోబరు 29న, పోలింగుకు సరిగ్గా వారం ముందు, రూజ్‌వెల్ట్ సమక్షంలోనే జరిగింది. ఓట్లే సర్వస్వమైతే దానిని నవంబరు 5 దాటించడం ఏమంత కష్టం కాదు. ఆ మర్నాడు బోస్టన్‌లో ఆయన తల్లిదండ్రులకు మీ బిడ్డలను పరాయి యుద్ధాలకు పంపబోనని మాటిచ్చారు. పార్టీ ప్రణాళికలో ఉన్న ‘మనపై దాడి జరిగితే తప్ప’ అనే మినహాయింపును అక్కడ పలకలేదు. ఇరవై నాలుగు గంటల తేడాతో జరిగిన ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చదవాలి. పనిలో సైనిక అవసరాన్ని, మాటలో ఓటరు భయాన్ని గౌరవించారు. బ్రిటన్ దగ్గర డబ్బు అయిపోతున్నదన్న అసలు సమస్యను మాత్రం ఎన్నిక దాటేదాకా బహిరంగంగా ఎత్తలేదు, వెంటనే డబ్బు తీసుకోకుండా బ్రిటన్‌కు యుద్ధసామగ్రి అందించే లెండ్-లీజ్ ఆలోచన డిసెంబరు 17న పత్రికా సమావేశంలో బయటికి వచ్చి 1941 మార్చి 11న చట్టమైంది.

ఇక 1942కు రండి. మూడు ఒత్తిళ్లు ఇంత దగ్గరగా ఢీకొన్న సందర్భం ఈ యుద్ధంలో మరొకటి లేదు కాబట్టి ఎక్కువ సమయం ఇక్కడే వెచ్చించాలి. పెర్ల్ హార్బర్ తరువాత అమెరికన్ల ఆగ్రహం ప్రధానంగా జపాన్ మీద ఉండగా, ప్రభుత్వం ముందు జర్మనీని ఓడించాలని బ్రిటన్‌తో ఒప్పుకుంది. ఇది మొదటి వైరుధ్యం. జూన్‌లో సోవియట్ విదేశాంగమంత్రి మొలొటోవ్ వాషింగ్టన్ పర్యటన ముగిశాక వెలువడిన ప్రకటన, 1942లో ఐరోపాలో రెండో యుద్ధరంగం తెరిచే పని గురించి పూర్తి అవగాహన కుదిరిందని చెప్పింది. సైన్యానికి అంత శక్తి లేదు, ఇది రెండో వైరుధ్యం. జూన్ 21న చర్చిల్ వాషింగ్టన్‌లో ఉండగానే లిబియాలో బ్రిటిష్ వారి చేతిలో ఉన్న టోబ్రుక్ రేవు జర్మన్ల వశమైంది, ఈజిప్టుకు 300 షెర్మన్ ట్యాంకులు పంపడానికి అమెరికా ఒప్పుకుంది. ఆ ఏడాదే ఫ్రాన్స్ తీరంలో దిగడానికి బ్రిటన్ ససేమిరా అంది. ఉత్తర ఆఫ్రికాకు వెళితే 1943 దాడి కూడా వెనకబడుతుందని సైన్యాధిపతి జార్జి మార్షల్ గట్టిగా నమ్మారు.

జూలై 10న మార్షల్, నౌకాదళాధిపతి ఎర్నెస్ట్ కింగ్ కలిసి, బ్రిటన్ ఒప్పుకోకపోతే ప్రధాన బలాన్ని పసిఫిక్ వైపు తిప్పుదామని అధ్యక్షుడికి రాశారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మీ మొదటి వరుసను చూడండి. నవంబరులో, అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే కాంగ్రెస్ ఎన్నికలున్నాయి. పసిఫిక్ వైపు తిరగడం జనం కోరుకునే పని, సైనికాధిపతులే దానిని కోరుతున్నారు. ఓట్ల కోసం వెదికే నాయకుడికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. రూజ్‌వెల్ట్ కాదన్నారు. ఆ ప్రణాళిక వివరాలు వెంటనే పంపమన్నారు, అప్పటికి వివరాలు తయారుగా లేవని తేలింది. తరువాత మార్షల్, కింగ్‌లతో పాటు తన సన్నిహిత సలహాదారు హ్యారీ హాప్కిన్స్‌ను లండన్‌కు పంపుతూ, 1942లోనే అమెరికన్ పదాతిదళం జర్మన్లతో తలపడి తీరాలని జూలై 16న రాతపూర్వకంగా ఆదేశించారు. సర్వసైన్యాధ్యక్షుడి హోదాలో సంతకం చేయడంలోనే ఇది చర్చకు పెట్టిన ప్రతిపాదన కాదన్న సంగతి ఉంది. జూలై చివరికి ‘టార్చ్’ అనే పేరుతో ఉత్తర ఆఫ్రికా దాడి ఖాయమైంది.

ఆ ‘1942లోనే’ అన్న పట్టుదలకు కారణం ఎన్నికేనా? ఇక్కడ సాక్ష్యాలను తూకం వేయడం నేర్చుకోవాలి. దాడి అక్టోబరు 30 దాటకూడదని రూజ్‌వెల్ట్ జూలైలో కోరినట్టు అప్పటి తంతి చెబుతోంది. పోలింగు నవంబరు 3. ఈ రెండు తేదీలు చూసి వెంటనే తీర్పు చెప్పాలనిపిస్తుంది. కానీ మూడో వరుసలో, శీతాకాలం ముదిరేకొద్దీ మొరాకో అట్లాంటిక్ తీరంలో అలలు ఎగసి బలగాలను దించడం కష్టమవుతుందని ఉంది. రెండో వరుసలో, స్టాలిన్‌గ్రాడ్ వైపు సాగుతున్న జర్మన్లను ఎదుర్కొంటున్న రష్యాకు ఏదో ఒక ఊరట ఆ ఏడాదిలోనే చూపించవలసిన అవసరం ఉంది. ఒక్క తేదీకి మూడు కారణాలు సమానంగా సరిపోతున్నప్పుడు తేదీని బట్టి ఉద్దేశాన్ని తేల్చలేం. అప్పుడు చూడవలసినది ఆ తేదీ జారిపోయినప్పుడు ఆయన ఏమి చేశారన్నది.

తేదీ నిజంగానే జారిపోయింది. ఏ రేవుల్లో దిగాలన్నదాని మీద లండన్, వాషింగ్టన్ ఆగస్టు అంతా వాదించుకున్నాయి, ఓడలకూ శిక్షణకూ ఇంకా సమయం కావలసి వచ్చింది. దళాలు నవంబరు 8న, పోలింగు అయిన అయిదో రోజున, తీరానికి చేరాయి. ఆ ఎన్నికలో డెమొక్రాట్లు ప్రతినిధుల సభలో నలభైకి పైగా స్థానాలు పోగొట్టుకుని స్వల్ప ఆధిక్యంతో బయటపడ్డారు. ఎన్నిక కంటే ముందే కానివ్వమని రూజ్‌వెల్ట్ చేతులు జోడించి అడిగారనీ, ఆలస్యం తప్పదని తేలినప్పుడు మాత్రం ఒక్క మాటా అనలేదనీ మార్షల్ ఎన్నో ఏళ్ల తరువాత గుర్తు చేసుకున్నారు. ఇది తరువాతి జ్ఞాపకమే తప్ప ఆనాటి పత్రం కాదు, కాబట్టి మాటలను అక్షరాలా పట్టుకోకూడదు. అయినా చెబుతున్నది ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించిన సేనాధిపతి, అధ్యక్షుడిని పొగడవలసిన అవసరం ఆయనకు లేదు. పైగా తేదీల క్రమం ఆ జ్ఞాపకాన్ని బలపరుస్తోంది. అందువల్ల నేను ఈ సాక్ష్యానికి బరువిస్తాను. ఎన్నిక కోరికల్లో ఉంది, బహుశా ‘ఈ ఏడాదే’ అన్న పట్టుదలలోనూ ఉంది, కానీ బలగాలను సిద్ధం కాకుండా పంపించే దాకా రాలేదు. రూజ్‌వెల్ట్ మీద నాకున్న గౌరవంలో సగం ఈ ఒక్క సంగతి వల్లనే.

సాక్ష్యాల గురించి మరొక మాట. అమెరికా విదేశాంగ శాఖ ఆ కాలపు దౌత్యపత్రాలను సంపుటాలుగా ప్రచురించింది, అవి అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. అధ్యక్షుడి పత్రికా సమావేశాల పూర్తి పాఠాలు న్యూయార్క్ రాష్ట్రం హైడ్ పార్క్‌లోని రూజ్‌వెల్ట్ గ్రంథాలయంలో ఉన్నాయి. సున్నితమైన విషయాలను రూజ్‌వెల్ట్ కాగితం మీద పెట్టేవారు కాదు, అందువల్ల పక్కన కూర్చున్నవారి డైరీలు, దుబాసీల నమోదులు చాలా ముఖ్యం. రోజు గడవక ముందే రాసిన దానికి మొదటి స్థానం, నెలలోపు రాసిన లేఖకు రెండో స్థానం, తరువాతి జ్ఞాపకాలకు చివరి స్థానం ఇవ్వండి. ఆ జ్ఞాపకం చెప్పినవారికి వ్యతిరేకంగా పోతున్నప్పుడు మాత్రం ఒక మెట్టు పైకి జరపవచ్చు.

దుబాసీ నమోదు ఎంత విలువైనదో పోలండ్ విషయంలో తెలుస్తుంది. టెహరాన్‌లో 1943 డిసెంబరు 1న రూజ్‌వెల్ట్ స్టాలిన్‌ను విడిగా కలిశారు. ఆయన దుబాసీ చార్లెస్ బోలెన్ రాసుకున్న నమోదు ప్రకారం, తాను 1944లో మళ్లీ పోటీ చేయవలసి రావచ్చనీ, అమెరికాలో అరవై డెబ్బై లక్షల మంది పోలిష్ సంతతివారున్నారనీ, వారి ఓట్లు పోగొట్టుకోలేననీ ఆయన దాపరికం లేకుండా చెప్పారు. పోలండ్ సరిహద్దులు పడమరకు జరగడం తనకు సమ్మతమే కానీ, బహిరంగంగా దానిలో పాలుపంచుకోలేనన్నారు. ఎన్నికను ఒక మిత్రుడికి కారణంగా చూపించి, ఆ కారణాన్ని ఓటర్ల దగ్గర దాచడం ఇక్కడ జరిగింది. 1944 అక్టోబరు 11న పోలిష్ అమెరికన్ ప్రతినిధులతో ఆయన దిగిన ఫొటోలో వెనుక యుద్ధానికి ముందరి పోలండ్ పటం ఉంది. ఆ తరువాత రెండు మూడు రోజుల్లోనే మాస్కోలో ప్రవాస పోలిష్ ప్రభుత్వ ప్రధాని మికోలైచిక్‌కు, రూజ్‌వెల్ట్ టెహరాన్‌లో కొత్త సరిహద్దుకు ఒప్పుకున్నారని మొలొటోవ్ ముఖం మీదే చెప్పారు. నవంబరు 7న రూజ్‌వెల్ట్ 432 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు, అదే నెల 17న మికోలైచిక్‌కు రాసిన లేఖలో సంబంధిత ప్రభుత్వాలు ఒప్పుకుంటే తనకు అభ్యంతరం లేదన్నారు. ఎర్రసైన్యం అప్పటికే పోలండ్ నేల మీద ఉందనీ, ఆయన బహిరంగంగా పోరాడినా సరిహద్దు మారేది కాదనీ వాదించవచ్చు. ఆ వాదనలో బలముంది. అయినా నిజం చెప్పి ఓట్లు అడగడానికీ, చెప్పకుండా అడగడానికీ మధ్య తేడా మీ విశ్లేషణలో కనిపించాలి. సర్దుబాటును వివరించడమంటే దానిని క్షమించడం కాదు.

మన దేశపు కథ ఇదే పద్ధతిలో చదివితే ఇంకా స్పష్టమవుతుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అదే వారం ఢిల్లీలో క్రిప్స్ రాయబారం తుది ఘట్టంలో ఉంది, రూజ్‌వెల్ట్ వ్యక్తిగత ప్రతినిధి లూయీ జాన్సన్ అక్కడే ఉండి రాజీకి ప్రయత్నిస్తున్నారు. చర్చలు 10వ తేదీన విఫలమయ్యాయి. క్రిప్స్‌ను ఇంకా కొన్నాళ్లు ఉంచమని, మరొక ప్రయత్నం చేయమని రూజ్‌వెల్ట్ వెంటనే చర్చిల్‌కు తంతి పంపారు. చర్చిల్ మండిపడ్డారు, అవసరమైతే పదవి వదులుకుంటానన్న ధోరణిలో మాట్లాడారు. ఇప్పుడు రెండో వరుసలో అదే తేదీలను చూడండి. ఫ్రాన్స్ తీరం మీద దాడికి బ్రిటన్ సమ్మతి కోసం మార్షల్, హాప్కిన్స్ ఏప్రిల్ 8 నుంచి లండన్‌లోనే ఉన్నారు, సూత్రప్రాయమైన అంగీకారం 14న వచ్చింది. చర్చిల్ నుంచి అంత పెద్ద మాట రాబట్టవలసిన వారంలో భారతదేశం గురించి మరింత ఒత్తిడి చేయడం రూజ్‌వెల్ట్‌కు సాధ్యపడలేదు. ఆగస్టులో క్విట్ ఇండియా నాయకులందరూ జైలుకు వెళ్లినప్పుడూ ఆయన బహిరంగంగా నోరు విప్పలేదు. మొదటి వరుస ఇక్కడ దాదాపు ఖాళీ అని గమనించండి. ఆనాడు భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే హక్కే లేదు, అది 1946లో గాని రాలేదు. పోలండ్ కోసం కనీసం ఒక పటం ముందు ఫొటో దిగవలసి వచ్చింది, భారతదేశం కోసం ఆ మాత్రం అవసరమూ పడలేదు. ఈనాడు అక్కడ ఓటు హక్కుతో ఉన్న తెలుగువారు ఈ పేజీని శ్రద్ధగా చదవాలని కోరుకుంటాను.

ఎన్నిక తాకకూడనిదేమిటన్న విషయంలో ప్రత్యర్థి ప్రవర్తనను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1944 సెప్టెంబరులో రిపబ్లికన్ అభ్యర్థి థామస్ డ్యూయీకి జపాన్ రహస్య సంకేతాలను అమెరికా ఛేదించిన సంగతి తెలిసింది. పెర్ల్ హార్బర్ వైఫల్యాన్ని అధ్యక్షుడి మీదకు నెట్టడానికి అది పెద్ద ఆయుధం. ఆ సంకేతాల ద్వారా ఇంకా సమాచారం అందుతోందనీ, బయటపడితే ప్రాణాలు పోతాయనీ మార్షల్, అధ్యక్షుడికి తెలియకుండానే, డ్యూయీకి లేఖ పంపారు. డ్యూయీ ప్రచారంలో ఆ విషయం ఎత్తలేదు. సమతూకం ఒక్క అధ్యక్షుడి చేతుల్లోనే ఉండదు, ఓడిపోబోయే వ్యక్తి నిగ్రహం మీద కూడా ఆధారపడుతుంది.

తీర్పు రాసేటప్పుడు ‘రాజకీయ కారణాలతో’ అన్న మాటను ఒంటరిగా వాడకండి. ఎన్నిక దేనిని మార్చిందో, లక్ష్యాన్నా, తేదీనా, ప్రకటన మాటలనా, ఖర్చు భరించేవారినా, విడమరచి రాయండి. రూజ్‌వెల్ట్ విషయంలో ఎన్నిక ఎక్కువగా మాటలనూ ప్రకటన సమయాన్నీ మార్చింది, లక్ష్యాన్ని అరుదుగా మార్చింది.

ఈ పద్ధతి పట్టుబడిందో లేదో చూసుకోవడానికి మరో రెండు సందర్భాలు తీసుకోండి. 1864 ఆగస్టు 23న అబ్రహాం లింకన్ తాను ఓడిపోయేలా ఉన్నానని ఒక కాగితం మీద రాసి, చదవనివ్వకుండా మంత్రులతో దాని మీద సంతకాలు చేయించారు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది నగరమైన అట్లాంటా సెప్టెంబరు మొదట్లో లింకన్ సేనల వశం కావడం పరిస్థితిని మార్చింది. అక్కడ మిత్రదేశాల వరుస దాదాపు ఖాళీ, సైనికుల ఓట్లు మాత్రం మొదటి వరుసనూ మూడో వరుసనూ కలిపేస్తాయి. 1968లో లిండన్ జాన్సన్ పోటీ నుంచి తప్పుకున్నాక కూడా, అక్టోబరు 31న, పోలింగుకు అయిదు రోజుల ముందు, ఉత్తర వియత్నాం మీద బాంబుదాడుల నిలుపుదల ప్రకటించారు. నవంబరు 2న దక్షిణ వియత్నాం అధ్యక్షుడు థియు పారిస్ చర్చలకు రానన్నారు. ఇక్కడ ఎన్నికను తన లెక్కలో పెట్టుకున్నది మిత్రదేశం, కాబట్టి కాగితం మీద రెండో వరుసతో మొదలుపెట్టి మొదటి వరుస వైపు రండి.